గృహ చిత్రశాల: కంఠమునకా, గర్జనకా?

విజయనగరములో గాని, శ్రీకాకుళములో గాని క్రొత్తగా ఇల్లు కట్టుకొను మధ్యతరగతి గృహస్థుడు వంటయింటికిని పూజామందిరమునకును చోటు చూచుకొనిన పిమ్మట సినిమా చూచుకొనుటకొక గదిని గూర్చి యోచించుట ఈ దినములలో వింత కాదు. ‘హోం థియేటరు’ అను పేరుతో అంగళ్ళలో అమ్ముడగుచున్న ఈ పరికరముల సముదాయము ఒకప్పుడు శ్రీమంతుల భోగము. నెలసరి వాయిదాల పద్ధతి దానిని బడిపంతులుగారి సావడి దాకా తెచ్చినది. ఇందు తప్పుపట్టవలసినది లేదు. సంవత్సరమంతయు కష్టపడు మనుష్యుడు ఆదివారమునాడు భార్యాబిడ్డలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో కూర్చుండి ఒక మంచి చిత్రము చూడగోరుట న్యాయమైన కోరికయే.

చిక్కు కోరికలో లేదు, ఎంపికలో ఉన్నది. అంగడివాడు మొదట వినిపించునది గర్జన. ఏదో యొక యుద్ధ దృశ్యమును తెరపై వేయును, కోటలు కూలును, కొనువాని రొమ్ము అదరును. అదరిన రొమ్ము మీది జేబు తేలికగా తెరచుకొనును. పెట్టెలు ఇంటికి వచ్చును, తీగలు తగిలింతురు, ఇరుగుపొరుగువారు వచ్చి అబ్బురపడిపోదురు. నాలుగు దినములు గడచిన పిదప, చిత్రము నడుచుచుండగా మూలనున్న మామ్మ “ఏటన్నాడ్రా?” అని మనుమని అడుగుట మొదలిడును. మనుమడు ధ్వని పెంచును. పెంచినకొలది చప్పుడు పెరుగును గాని మాట తెలియదు. కడకు ఆమె లేచి వీధి అరుగు మీదికి పోయి కూర్చుండును. ఇంటిల్లిపాదికి అని తెచ్చిన వస్తువు ఇంటిలో పెద్దదిక్కును బయటికి పంపినది!

కావున గృహ చిత్రశాలకు పరికరములు కొనువారు ముందుగా కొనవలసినది మనుష్య కంఠమును. గర్జన కడపట కొనవచ్చును. కొనకపోయినను కొంప మునుగదు.

ఈ ప్రాంతమువారికి కంఠము విలువ చెప్పబోవుట తాతకు దగ్గులు నేర్పుటయే. 1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరమున సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడుగా కూర్చుండినవాడు ఆదిభట్ల నారాయణదాసు. ధ్వనివర్ధకములు లేని దినములలో హరికథ చెప్పి దేశమును మెప్పించిన కంఠమది. అదే సంవత్సరమున వాయులీనాచార్యులుగా చేరిన ద్వారం వేంకటస్వామినాయుడు 1936లో ఆ పీఠము నధిష్ఠించెను. కృష్ణా తీరమునుండి వచ్చి, మధూకరమెత్తుకొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికములో ఘంటసాల పాట నేర్చినది ఈ ఊరనే. సుశీల 1935లో పుట్టినది ఈ ఊరనే, చదివినది ఆ కళాశాలలోనే. సాలూరి రాజేశ్వరరావు ఇంటిపేరే చెప్పుచున్నది ఆయన నేల యేదో. ఆ సాలూరు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది గాని అంతవరకు విజయనగరము జిల్లాలోనిదే. ఇట్టి గడ్డమీద మాట వినబడని సినిమాగదులు వెలయుట విచారింపదగిన విషయము.

ఒక్క చిత్రమును ఉదాహరణముగా గైకొందము. 1957లో వెలువడిన ‘మాయాబజార్’ సంగీతము ఘంటసాలది. కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు సమకూర్చి విడిచినవి. పాడినవారిలో సుశీలయు కలదు. నలుపు తెలుపులలో, ఒకే ధ్వనిమార్గముతో తయారైన ఆ చిత్రమునకు 2010లో రంగులు దిద్ది, ధ్వనిని ‘ఐదు పాయింటు ఒకటి’ పద్ధతికి మార్చి మరల విడుదల చేసిరి. (శశిరేఖ మూత తెరచి అభిమన్యుని చూచుకొనిన ఆ ప్రియదర్శినిని మించిన గృహ చిత్రశాల నేటికిని అంగడిలోనికి రాలేదన్నది వేరు విషయము.)

ఐదు పాయింటు ఒకటి యనగా నేమి? ఎదుట ఎడమ కుడి ప్రక్కల రెండు స్పీకర్లు, నడుమ ఒకటి, వినువాని ప్రక్కలను చెవికి కొంచెము వెనుకగా రెండు. ఈ ఐదింటికిని తోడుగా మంద్రధ్వనికి మాత్రమే ఏర్పరచిన సబ్‌వూఫరు ఒకటి. దీని వెనుక పెద్ద చరిత్రయే ఉన్నది. 1940లోనే వాల్ట్ డిస్నీ ‘ఫాంటసియా’ చిత్రమునకు అనేక మార్గముల ధ్వనిని ప్రయోగించెను. 1992లో డాల్బీ డిజిటలు, 1993లో డి.టి.ఎస్. సినిమాహాళ్ళలో ప్రవేశించినవి. 2012లో వచ్చిన అట్మాస్ పద్ధతి తలపైనుండి కూడ ధ్వనిని కురిపించుచున్నది. ఇన్ని మార్పులు వచ్చినను ఒక్కటి మారలేదు. సినిమాహాలులో తెరకు సన్నని రంధ్రములుండును. ఆ తెర వెనుక నడుమనున్న స్పీకరునుండియే పాత్రల మాటలలో అధిక భాగము వచ్చును. ఎటు కూర్చుండినవానికైనను మాట నటుని నోటినుండి వచ్చినట్లు తోచుట అందువలననే. ఇంటిలో ఆ పని చేయునది టెలివిజను క్రిందనుండు నడిమి స్పీకరు. చవుకపెట్టెల కూటములలో అన్నిటికంటె నాసిరకముగా చేయబడునది తరచుగా అదియే! అరచేయి యంత పెట్టెలో అంగుళములలో లెక్కింపదగిన ఒక చిన్న కాగితపు గిన్నె నుంచి, దానికి ఎస్. వి. రంగారావు కంఠమును మోయు భారము నప్పగించుట న్యాయమా?

అదే చిత్రములో మాయాశశిరేఖ పాట యొకటి కలదు. సావిత్రి నోట సుశీల పాడుచుండగా నడుమ ఘటోత్కచుని నైజము బయటపడి ఘంటసాల కంఠము దూరును. ఆ హాస్యమంతయు ఒకే నోటినుండి రెండు కంఠములు వచ్చుటలో నున్నది. మంచి పరికరములపై రెండు కంఠములును సావిత్రి పెదవులను వదలవు. చెడ్డ పరికరములపై స్త్రీ కంఠము ఈ పెట్టెలోనుండి, పురుష కంఠములోని మంద్రము మూలనున్న వేరొక పెట్టెలోనుండి వచ్చును. నవ్వు సగములో చచ్చును. అంగడిలో పరీక్షకు యుద్ధ దృశ్యమును అడుగుటకు మారుగా ఈ పాటను వేయించి, కన్నులు మూసికొని విన్నచో కొనవలసినదేదో చాలవరకు తెలిసిపోవును. చిత్రము పాతదే గదా యని తేలికపడనక్కరలేదు. పాత ధ్వనిని నిజాయితీగా పలుకలేని పెట్టె క్రొత్త ధ్వనిని పలుకునన్న నమ్మకము లేదు. అయితే ఒక్క జాగ్రత్త. ఒకే మార్గములో ముద్రింపబడిన పాత చిత్రములను ఐదు దిక్కులకు పంచిపెట్టు మీటలు కొన్ని యంత్రములలో నుండును. వానిని ఆపివేసి, ధ్వనిని ఎదుటినుండి మాత్రమే రానిచ్చుట మేలు. ఒక్క పేటగా పేనిన త్రాటిని ఐదు పేటలని చెప్పుకొనుటవలన బలము పెరుగదు.

మాట ఏల వినబడదో తెలిసికొనినచో ఎంపిక సులువగును. తెలుగు అజంతభాష. మన మాటలలో బిగ్గరగా మ్రోగునవి అచ్చులు. అర్థమును మోయునవి హల్లులు. ‘కల’, ‘తల’, ‘వల’ అను మాటలలో భేదమంతయు మొదటి హల్లులోనే ఉన్నది. ఆ హల్లు మెరుపువంటిది, క్షణములో పోవును. మనుష్యుని చెవి సెకనుకు ఇరువదినుండి 20,000 కంపనముల వరకు వినగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. హల్లుల స్పష్టత ముఖ్యముగా రెండువేలకు పైనున్న భాగముపై ఆధారపడును. వయసు మళ్ళినవారికి మొదట మందగించునది కూడ ఆ పైభాగమే. అందుచేత మంద్రము అధికమై పైభాగము మసకబారిన పరికరము పడుచువానికి ‘దిట్టముగా’ వినిపించును, మామ్మకు మాట తెలియనీయదు. ఇట్టి ఇంటిలో 1955 నాటి ‘కన్యాశుల్కము’ చిత్రము వేసికొనిన ప్రయోజనమేమి? ఆ చిత్రమునకు మూలమైన గురజాడ నాటకమును 1892లో తొలుత ప్రదర్శించినది ఈ విజయనగరముననే. ప్రాణమంతయు సంభాషణలోనున్న కృతి అది. మాట పోయినచో గిరీశము వట్టి చొక్కా తొడిగిన బొమ్మ.

ఇక అంకెల మాయ. పెట్టెమీద వ్రాసిన వాట్లను చూచి కొనువారు చాలమంది. ‘పి.ఎం.పి.ఓ.’ అను నాలుగు చుక్కల శబ్దము ప్రక్కన వేలకొలది వాట్లు చూపిన కాలము కూడ నడచినది. ఆ అంకె కాగితముమీద తప్ప చెవిలో ఎన్నడును మ్రోగదు. చూడవలసినది ‘ఆర్.ఎం.ఎస్.’ అను నిలకడ శక్తి. అదియైనను ఏబది వాట్లనుండి నూరు వాట్లకు పోయినంతమాత్రమున ధ్వని రెట్టింపు కాదు. పెరుగునది మూడు డెసిబెళ్ళు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచవలెనన్న సుమారు పదిరెట్ల శక్తి కావలెను. అంతకంటె స్పీకరు యొక్క గ్రహణశక్తిని, అనగా ఒక్క వాటునకు అది ఎంత పలుకునన్న లెక్కను చూచుట తెలివి. తొంబది డెసిబెళ్ళు పలుకు స్పీకరు, ఎనుబదినాలుగు పలుకు దానికంటె నాలుగవ వంతు శక్తితోనే అంత బిగ్గరగా పలుకును. పండ్రెండడుగుల గదికి వందలకొలది వాట్లు కొనుట కోడిపిల్లకు ఏనుగు గొలుసు కట్టుటయే.

పెట్టెను పరీక్షించుటకు పల్లెటూరి ఉపాయము ఒకటి కలదు. బొబ్బిలి వీణ చేయు గొల్లపల్లి శిల్పులు ఒకే పనసదుంగను తొలిచి వీణను మలచుట లోకప్రసిద్ధము. ఆ కొయ్య పాడవలెను. పాడుటకే దానిని తొలుచుట. స్పీకరు పెట్టె ధర్మము సరిగా దీనికి విపరీతము. అది ఏ వీణనైనను వినిపించవలసినదే గాని తాను పాడరాదు. అందుచేత కుండను కొనువాడు వ్రేలితో కొట్టి ఖంగున మ్రోగినదానిని ఏరుకొనునట్లే స్పీకరును కొనువాడు కొట్టి చూచి మ్రోగనిదానిని ఏరుకొనవలెను. డొల్లగా మ్రోగు పలుచని ప్లాస్టిక్కు పెట్టె ప్రతి పాటకు తన అపశ్రుతిని చేర్చుచుండును. గిన్నె అంచునకు స్పంజి చుట్టినదానికంటె రబ్బరు చుట్టినది మన తీరమునకు మంచిది. భీమునిపట్టణము మొదలు ఇచ్ఛాపురము వరకు వీచు ఉప్పుగాలికిని, చెమ్మకును ఆ స్పంజి కొన్ని ఏండ్లలో పొడియై రాలిపోవును.

పరికరములన్నిటిలో ముఖ్యమైనదానిని అంగడివాడు అమ్మలేడు. అది గది. పాత పెంకుటిల్లు ఈ విషయమున పుణ్యము చేసికొన్నది. దూలములు, వాసములు, ఏటవాలు కప్పు ధ్వనిని ఒక్కచోటికి తిప్పికొట్టవు; మంద్రములో కొంత పెంకుల సందులనుండి వెడలిపోవును. క్రొత్త డాబాయింటి గది అట్లు కాదు. నున్నని గోడలు, నున్నని టైల్సు నేల, గాజు కిటికీలు. చప్పట్లు కొట్టిన చప్పట్లే తిరిగి వచ్చును. అందును పండ్రెండడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పుగల చతురస్రపు గది మరియు చెడ్డది. ధ్వనివేగము సెకనుకు సుమారు 343 మీటర్లు గనుక, అట్టి గదిలో ఎదురెదురు గోడల నడుమ సెకనుకు నలుబది యేడు కంపనముల దగ్గర ఒక మంద్రస్వరము ఉయ్యాల కట్టుకొని ఊగును. పొడవు వెడల్పులు సమానమైనచో రెండు ఉయ్యాలలు ఒకే స్వరముపై ఊగును. ఆ స్వరము వచ్చినప్పుడెల్ల గది గుయ్యిమని మాటను మ్రింగివేయును. వేయి రూపాయల యంత్రమైనను లక్ష రూపాయల యంత్రమైనను గది నైజము అంత తేలికగా మారదు.

మందు మాత్రము దూరములో లేదు. పొందూరు ఖద్దరు తెరలు కట్టినచో చూపునకు సొగసేగాని ధ్వనికి అవి చాలవు. అంత సన్ననివస్త్రము ధ్వనిని ఆపదు. మందమైన బొంతవంటి తెర, అదియు మడతలు మడతలుగా వ్రేలాడవలెను. నేలపై ఉద్దానపు కొబ్బరిపీచు తివాచీయొకటి పరచినచో టైల్సు పొగరు కొంత అణగును. వెనుకగోడకు ఎత్తుపల్లములుగా సర్దిన పుస్తకముల బీరువా యున్నచో అది ధ్వనిని చెదరగొట్టి ఎంతయో మేలు చేయును. కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళమున 1997లో కథానిలయమును స్థాపించినది కథలను దాచుటకు గాని ధ్వనిని చెదరగొట్టుటకు గాదు. అయినను శ్రీకాకుళపు ఇంటిలో పుస్తకముల గోడ యుండుట రెండు విధముల శోభ. స్పీకర్లను మూలలలోనికి నెట్టక గోడకు రెండడుగులు ఎడముగా, వాని నోరు కూర్చుండిన వారి చెవి ఎత్తునకు వచ్చునట్లు నిలుపుటకు పైకమక్కరలేదు. నడిమి స్పీకరును బీరువా అరలో లోతుగా దూర్చుట మాత్రము నోటికి గుడ్డ కట్టుటతో సమానము.

సబ్‌వూఫరును బొత్తిగా తీసివేయుమనుట లేదు. మంద్రమునకు దాని గౌరవము దానికున్నది. రొమ్మున కట్టుకొనిన తప్పెటపై కొట్టుచు ఎగురు తప్పెటగుళ్ళ బృందమును, జముకుల కథలోని జముకును విన్న చెవులకు మంద్రమును గూర్చి పాఠము చెప్పనక్కరలేదు. తప్పెటపై దెబ్బ పడిన క్షణము, ఆగిన క్షణము రెండును తెలియును. ఆ దెబ్బల నడుమనున్న నిశ్శబ్దములోనే ఆట యున్నది. చవుక సబ్‌వూఫరు దెబ్బను చెప్పదు, తదుపరి దెబ్బ వచ్చుదాక మూలుగుచునే యుండును. ఎనుబది కంపనములకు క్రిందనున్న భాగమును మాత్రమే దానికి విడిచి, తక్కినదంతయు ఎదుటి స్పీకర్లకు ఇచ్చుట వాడుక. దానికి స్థలము వెదకుట కొక తమాషాయైన పద్ధతి కలదు. సబ్‌వూఫరును తాము కూర్చుండు చోట పెట్టి పాట వేసి, గృహస్థుడు తాను నేలపై ప్రాకుచు గోడలవెంట తిరుగవలెను. ఎచ్చట మంద్రము నిండుగా, ముద్దగాకుండ వినబడునో అదియే దాని చోటు. పిల్లలు నవ్విన నవ్వుదురు గాక!

తెరను గూర్చి చెప్పవలసినది కొద్ది. ఏబదియైదు అంగుళముల టెలివిజనుకు ఏడెనిమిది అడుగుల దూరము చాలును. పగటివెలుతురు ధారాళముగా వచ్చు సావడిలో ప్రొజెక్టరు పెట్టుట వెన్నెలలో దీపము పెట్టుటయే.

ధనము పరిమితమైనప్పుడు ఐదు చెడ్డ స్పీకర్లకంటె రెండు మంచి స్పీకర్లు మేలు. రెండింటి నడుమ సరిగా కూర్చుండినవానికి మాట నట్టనడుమనుండియే వచ్చినట్లు వినబడును. మరుసటి సంవత్సరము అదే తయారీదారుని, అదే జాతి నడిమి స్పీకరును చేర్చిన ప్రక్క కూర్చుండినవారికిని ఆ భాగ్యము కలుగును. వెనుక స్పీకర్లు, సబ్‌వూఫరు ఆ తరువాతి మాట. మొత్తము సొమ్ములో సగము ఎదుటి మూడింటికి పోయినను అది వృథా వ్యయము కాదు. పది పండ్రెండడుగుల గదిగలవారు అంగడిలో నిలువెత్తు పెట్టెలను చూచి మోజుపడక, నడిమికంఠమునకు వేరు మార్గముగల మంచి సౌండుబారు నొకదానిని ఎన్నుకొనుట గౌరవలోపమేమియు కాదు.

కరెంటు విషయమున మాత్రము ఉత్తరాంధ్ర గృహస్థుడు పిసినారితనము చూపరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి పోయిన పిమ్మట స్తంభములు కూలి దినములతరబడి చీకటిలో నున్న పల్లెలకు తెలియును, కరెంటు పోవుటకంటె అది తిరిగివచ్చు క్షణమే యంత్రములకు గండమని. భూమిలోనికి సరియైన ఎర్తు, హెచ్చు వోల్టేజిని అడ్డగించు సాధనము, ఉరుములు మొదలైనంతనే ప్లగ్గు ఊడబెరుకు అలవాటు—ఈ మూడును లేనిచోట ఎంత మంచి ఆంప్లిఫయరు కొన్నను అది తుపాను పాలు.

చివరకు ఇరుగుపొరుగు. శ్రీకాకుళపు పల్లెలలో వరుస ఇండ్లు ఎన్నియో; ఒకరి గోడయే మరియొకరి గోడ. గోడ మాటను కొంత ఆపగలదు గాని మంద్రమును ఆపలేదు. అందుచేత ఇవతల కోట కూలినప్పుడు అవతలివారికి కథ తెలియదు, మాట తెలియదు, తొట్టిలోని పసిబిడ్డ ఉలికిపడి లేచుట మాత్రము తెలియును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను హద్దుగా విధించినవి. కంఠము కొరకు ఏర్పరచుకొనిన పరికరములపై తగ్గుస్వరములోను మాట తెలియును గనుక ఈ హద్దు ఎవరికిని కష్టము కాదు. రాత్రి పది దాటినపిదప సబ్‌వూఫరు మీట నొక దానిని త్రిప్పిన చాలును. ఇల్లు ఇంకను కట్టుచున్నవారైనచో గోడలకు సిమెంటు పూయక మునుపే ఎదుటినుండి వెనుక మూలలకు రెండు ఖాళీ గొట్టములు వేయించి యుంచుకొనవలెను. వెనుక స్పీకర్లు ఎప్పుడు కొన్నను తీగలు అందులోనుండి పోవును. అంతవరకు ఆ గొట్టముల నోళ్ళకు గుడ్డలు కుక్కి యుంచినచో తొండలు దూరకుండును.